దొంగ దుబాసీ

రాజ్యం అత్తయ్య వస్తోందని తెలిసిన పొద్దున నాకు జ్వరం వచ్చింది. నిజం జ్వరమే. నేను చెప్పేవాటిలో సగానికి పైగా గాలి కబుర్లేనని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు గనక ముందే మనవి చేసుకుంటున్నాను. ఒళ్ళు వేడెక్కింది, నోరు చేదెక్కింది, మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసి "ఉందండీ, కొంచెం ఉంది" అని ధ్రువపరిచింది కూడా. అత్తయ్యంటే నాకు భయమేం లేదు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. కొండపల్లిలో కొడుకు దగ్గర ఉంటుంది. తుంటి ఎముక ఆపరేషనయ్యాక చాన్నాళ్ళు మంచం దిగలేదు, ఈమధ్యే కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆవిడకు బర్మా భాష వచ్చు. నాకు రాదు. ఈ రెండో సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా జ్వరమంతా అక్కడ ఉంది.

మా నాన్న రంగూన్‌లో పుట్టాడు. తాతయ్య దివిసీమ మనిషి. అన్నతో ఏదో మాటామాటా వచ్చి, తమ్ముణ్ణి వెంటేసుకుని ఓడెక్కి, అక్కడ బియ్యం మిల్లులో చేరాడు. మిల్లు గేటు ముందు కావిడి దించుకుని చేపల పులుసూ సేమియాలాంటి బియ్యప్పోగులూ కలిపి అమ్మే పిల్ల ఒకతి ఉండేది. ఆ పిల్ల చేతి పులుసు కోసం మిల్లు సైరను కూడా కాస్త ముందే మోగేదని తాతయ్య చెప్పేవాడట. అబద్ధాలు మా వంశంలో నాతో మొదలవలేదు. ఆ పిల్లే మా నాయనమ్మ. తర్వాత అక్కడి ప్రభుత్వం మారి బయటివాళ్ళంతా వెళ్ళిపోవలసి వచ్చినప్పుడు తాతయ్య, నాయనమ్మ, మీసకట్టు మొలుస్తున్న మా నాన్న, తాతయ్య తమ్ముడి కుటుంబం, ఆ కుటుంబంలో గౌన్లు తొడుక్కునే వయసున్న రాజ్యం అత్తయ్య, అందరూ ఒకే ఓడలో వచ్చారు. బెజవాడలో బందరు కాలవ పక్కన వరసిళ్ళలో దిగారు. అలాంటి కుటుంబాలు ఇంకా కొన్ని ఉండేవి. ఊరివాళ్ళు వాటిని బర్మా వరసలనేవాళ్ళు. నేను పుట్టింది ఆ వరసల్లోనే.

నాన్నకు అప్పటికి తెలుగు చెవికే గాని నోటికి రాదు. ఆయన తెలుగు నేర్చుకున్న పద్ధతి ఇంకెవరూ నేర్చుకుని ఉండరు. గవర్నరుపేటలో ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా కుదిరి, అరల్లోంచి సీసం అక్షరాలు ఏరి, గుడికి గుడీ వత్తుకి వత్తూ వెతికి పేర్చుకుంటూ, చేత్తో నేర్చుకున్నాడు. అలా పేర్చిన భాషే నోట్లోకీ వచ్చింది. అందువల్ల మా నాన్న మాట్లాడితే పుస్తకం మాట్లాడినట్టుండేది. మేం "కూర చప్పగా ఉంది" అనే చోట ఆయన "కూరలో లవణము కించిత్తు తక్కువైనది" అనేవాడు. ఒకసారి రిక్షా అతణ్ణి ఆపి "నాయనా, సత్యనారాయణపురము వరకు ఎంత తీసుకొందువు" అని అడిగితే, అతను దణ్ణం పెట్టి ఉత్తి పుణ్యానికే దించాడని నేను అందరికీ చెబుతుంటాను. అది నిజం కాదు. కిరాయి తీసుకున్నాడు. దారి పొడుగునా భుజాలు కుదిపేస్తూ నవ్వుకున్న మాట మాత్రం నిజం. నాన్నకు ఆ నవ్వు కనిపించింది. కనిపించినా రిక్షా దిగుతూ "క్షేమముగా వెళ్ళిరా" అన్నాడు.

వచ్చిన కొత్తలో వీధి పిల్లలు వెంటపడి "బర్మావోడా, ఏదీ ళ అను" అని ఏడిపించేవాళ్ళట. ఆ ఏడుపు నాకు రాకూడదనుకున్నాడో ఏమో, నేను పుట్టాక ఇంట్లో ఒక శాసనం చేశాడు. ఈ గడప లోపల తెలుగే. పిల్లలతో ఆ భాష ఎవరూ మాట్లాడకూడదు. శాసనం అసలు దెబ్బ తగిలింది నాయనమ్మకి. పట్టుమని పది తెలుగు వాక్యాలు రాని మనిషి మనవడితో ఏం మాట్లాడుతుంది? "బాబ్జీ, రా. బాబ్జీ, తిను. బాబ్జీ, తప్పు." మా ఇద్దరి సాహిత్యమంతా అంతే. ఆ కొరతంతా ఆవిడ చేతలతో పూడ్చేది. పొద్దున్నే పెరట్లో సానరాయి ముందు కూర్చుని ఒక చెట్టు కొమ్మ ముక్కను నీళ్ళతో అరగదీసి, ఆ గంధం తన బుగ్గలకూ నా బుగ్గలకూ పూసేది. దాని పేరు తనఖా. "మా నాయనమ్మ తనఖా తీసుకుంటోంది" అని నేను వీధిలో చెప్పిన మాట వల్ల మేం ఇల్లు తాకట్టు పెట్టామన్న పుకారు పుట్టి, ఇంటాయన పరిగెత్తుకొచ్చాడు. ఆ గంధపు వాసన తడిమట్టికీ మారేడు చెక్కకీ మధ్యలో ఎక్కడో ఉండేది. పెరటి మూల మూతి కట్టిన కుండలో నాపి ఉండేది. ఎండు రొయ్యలూ చిన్న చేపలూ ఉప్పులో మాగేసి నూరిన ముద్ద. దాని వాసన గురించి నేను అతిశయోక్తి చెప్పనక్కర్లేదు. కుండ మూత తీస్తే కాలవ అవతల గట్టు మీద గేదెలు తలెత్తి చూసేవి అంటే చాలు.

మా అమ్మది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. చెరుకు తోటలూ గానుగ బెల్లం వాసనా మధ్య పెరిగిన మనిషి. ఈ సంబంధం ఎలా కుదిరిందంటే, నాన్న పెళ్ళిచూపుల్లో మాట్లాడిన తెలుగు విని మా అమ్మమ్మ ఆయన్ని పండితుడనుకుంది. పెళ్ళయ్యాక ఒకసారి చూడ్డానికి వచ్చి, నాపి కుండ దగ్గర నిలబడి, "మీ ఇంట్లో ఏదో చచ్చిందే అమ్మాయ్" అని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్సెక్కింది. మళ్ళీ రాలేదు. సెలవులకు మేమే వెళ్ళేవాళ్ళం. అక్కడ గుమ్మంలోనే అమ్మమ్మ నా చొక్కా విప్పించి, వేన్నీళ్ళు పోసి, సున్నిపిండి పెట్టి రుద్దేది. రుద్దుతూ "ఇప్పుడు మా పిల్లాడివయ్యావురా" అనేది. తిరిగి బెజవాడ వచ్చాక నాయనమ్మ నా బుగ్గ వాసన చూసి, మాట్లాడకుండా వెళ్ళి సానరాయి ముందు కూర్చునేది. రెండు కొంపల మధ్యా నన్ను అలా కడుగుతూ పూస్తూ పెంచారు. నాకైతే రెండూ బాగానే ఉండేవి. ఉయ్యూరులో బర్మా గొప్పలు చెప్పేవాణ్ణి, బర్మా వరసల్లో ఉయ్యూరు గొప్పలు చెప్పేవాణ్ణి. రెండు చోట్లా అడిగేవాడు లేడు.

అసలు కథ బళ్ళో మొదలైంది. నన్నూ బర్మావోడనే పిలిచేవాళ్ళు. నాన్నలా తల వంచుకుని పోవడం నా వల్ల కాలేదు. ఆ పేరునే నెత్తిన పెట్టుకుని ఊరేగాను. రంగూన్‌లో మాకు ఏనుగుండేదన్నాను. నాయనమ్మ బుగ్గల గంధం పులులు దగ్గరికి రాకుండా పూసుకునేదన్నాను. తర్వాత్తర్వాత బర్మా తిట్లు తిట్టి పెట్టేవాణ్ణి. లెక్కల మేష్టారి చేత దెబ్బలు తిన్నవాడు నా దగ్గరికొచ్చి ఒక జామకాయ ఇస్తే, నేను బడి గోడ వెనక నిలబడి, స్టాఫ్ రూము వైపు చెయ్యి చాపి, నోటికొచ్చిన ఙ్ఞకారాలన్నీ కలిపి ఒక దండకం చదివేవాణ్ణి. అందులో ఒక్కటంటే ఒక్క బర్మా మాట లేదు. మేష్టారికి ఒకసారి నిజంగానే విరేచనాలు పట్టుకున్నాయి. ఆ తర్వాత నా గిరాకీ చెప్పనలవి కాదు.

ఈ విద్య ఇంటికి కూడా వచ్చేసింది. సాయంత్రం నాన్న అచ్చాఫీసు నుంచి రాకముందే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అరుగు మీద చేరి "ఏదిరా బాబ్జీ, మీ నాయనమ్మతో మాట్లాడు" అనేవాళ్ళు. నేను మొహం గంభీరంగా పెట్టి నా సొంత బర్మాలో ఏదో వాగేవాణ్ణి. నాయనమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పొట్ట చెక్కలయ్యే నవ్వును చుట్ట పొగలో దాచుకుని, అంతే గంభీరంగా నిజమైన బర్మా భాషలో జవాబు చెప్పేది. నేను మళ్ళీ వాగేవాణ్ణి. ఆవిడ మళ్ళీ చెప్పేది. చూసేవాళ్ళకి అది అచ్చంగా సంభాషణే. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి మురిసిపోయేది. "ఆయనొద్దంటే మాత్రం ఏం, వాడికి పడుకునేటప్పుడు నేర్పుతోంది" అని పక్కింటావిడతో గుసగుసగా చెప్పడం నా చెవిన పడింది. నేను కాదనలేదు. కాదనవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఒక్కసారి మాత్రం ఆవిడ నిజంగానే నేర్పబోయింది. నాన్న అచ్చాఫీసుకు వెళ్ళాక నన్ను పెరట్లో కూర్చోబెట్టి, నీళ్ళ చెంబు చూపించి ఒక మాట అంది, అన్నం చూపించి ఒక మాట అంది. నన్ను తిరిగి అనమంది. నేను ఆ మాటలకు తోకలు తగిలించి, సాగదీసి, ఎగిరి దూకి నవ్వించాను. ఆవిడ నవ్వింది. మళ్ళీ చెంబు చూపించింది. నేను మళ్ళీ వేషం వేశాను. మూడోసారి ఆవిడ నవ్వలేదు. చెంబు పక్కన పెట్టి "బాబ్జీ, పో, ఆడుకో" అంది. నేను పోయి ఆడుకున్నాను. కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. నాపి కుండను అమ్మే కడిగి బోర్లించింది. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు గనక, ఆ ఇంట్లో ఆ భాష మాట్లాడే మనిషి నాన్న ఒక్కడే మిగిలాడు. ఒక్కడే మాట్లాడుకునే భాష ఎలా ఉంటుందో ఆయనకే తెలియాలి. మా ముందు మాత్రం ఎప్పటిలా "లవణము కించిత్తు తక్కువైనది" అనే తెలుగే.

ఇప్పుడు మేముండేది పటమటలో ఒక అపార్టుమెంటులో. కిందటేడు వర్షాలప్పటి నుంచి నాన్న నోట్లోంచి తెలుగు జారిపోవడం మొదలైంది. ముందు గంభీరమైన మాటలు పోయాయి, తర్వాత మా పేర్లు పోయాయి, తర్వాత కావాలీ వద్దూ కూడా పోయాయి. అంత కష్టపడి అక్షరం అక్షరం పేర్చుకున్న భాష, అచ్చు పని అయ్యాక ఏ అక్షరం ఆ అరలో వేసేసినట్టు, ఖాళీ అయిపోయింది. ఒక పొద్దున అమ్మ కాఫీ అందిస్తే ఆయన ఆవిడ మొహంలోకి మర్యాదగా చూసి బర్మా భాషలో ఏదో అన్నాడు. ఇక ఆ రోజు నుంచీ అదే. ఈ మతిమరుపు జబ్బులో చివరికి మిగిలేది చిన్నప్పటి భాషేనని డాక్టరుగారన్నారు. మా ఆవిడ ఫోన్లో ఏదో అనువాదం చేసే దాన్ని పెట్టి చూసింది. పళ్ళు లేని నోటి మాట దానికి అందలేదు. "బస్సులో బాతులున్నాయి" అని తేల్చింది. అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది.

"ఒరేయ్ బాబ్జీ, నువ్వు చెప్పరా. నీకు వచ్చుగా."

ఆ కళ్ళలో ఆశ చూసి ఎవడైనా నిజం చెప్పగలడేమో గాని నేను చెప్పలేకపోయాను. నాన్న వైపు వంగి శ్రద్ధగా విన్నట్టు నటించి, "కాఫీ బాగుందంటున్నాడమ్మా" అన్నాను.

అమ్మ మొహం చూడాలి. ఇంత కాపురంలో ఆయన బాగుందన్న మాట అనలేదు. అననక్కర్లేదనుకునే తరం. ఆవిడ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి చాలాసేపు కడిగింది. మర్నాడు జడలో మల్లెపూలు కనిపించాయి. ఇక నేనాగుతానా. కాఫీతో మొదలుపెట్టినవాణ్ణి కాకరకాయ పులుసుకి వచ్చాను. పులుసు నుంచి పాత రోజుల్లోకి వెళ్ళాను. పెళ్ళైన కొత్తలో నిన్ను సినిమాకి తీసుకెళ్ళలేకపోయానంటున్నాడమ్మా. మీ అమ్మ మంచినీళ్ళు ముట్టకుండా వెళ్ళిన రోజు నువ్వు పడ్డ బాధ నాకు తెలుసంటున్నాడమ్మా. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని "అవి ఇంకా గుర్తున్నాయా ఆయనకి" అనేది. ఎప్పుడో అమ్మే చెప్పగా గుర్తున్నవి నాకు. ఆయనవని చెప్పాను. నా ప్రతిభంతా పెట్టి, ఒక మంచి మొగుణ్ణి తయారు చేసి అమ్మకిచ్చాను.

కాలం కూడా కలిసొచ్చింది. ఒక మధ్యాహ్నం నాన్న బాల్కనీ గుమ్మంలో ఆగిపోయి పైకి చూపిస్తూ గట్టిగా మాట్లాడసాగాడు. పైన కప్పీ తాళ్ళ మీద చీరలు ఆరుతున్నాయి. నాకేం తోచక "వాన వస్తుందట, బట్టలు తీసెయ్యమంటున్నాడు" అన్నాను. అమ్మ గబగబా చీరలన్నీ లాగేసింది. నాన్న వెంటనే శాంతించి బాల్కనీలోకి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం వాన కూడా పడింది. ఇక నా విద్య మీద ఇంట్లో ఎవరికైనా అనుమానం ఉంటే ఆ వానలో కొట్టుకుపోయింది.

ఇక భోజనాల దగ్గర. నాన్న రెండు ముద్దలు తిని కంచం కొంచెం ముందుకు జరిపి, చేతులు జోడించి, నవ్వుతూ ఒక మాట అనేవాడు. పూటపూటా అదే మాట. నేను "చాలట. నీ చేతి వంట రెండు ముద్దలకే కడుపు నిండిపోతుందట" అనేవాణ్ణి. అమ్మ సిగ్గుపడుతూ కంచం తీసేసేది. నాన్న చొక్కాలు వదులయ్యాయి. మెడ కింద గుంట పడింది. వయసన్నారు, జబ్బు లక్షణమన్నారు, టానిక్ రాశారు. రాజ్యాన్ని ఒకసారి పిలవరా, ఆయనకి సంతోషంగా ఉంటుంది అని అమ్మ అడిగినప్పుడల్లా నేను ఆవిడ తుంటి ఎముకను అడ్డం పెట్టాను. నేను చెప్పిన లెక్కన ఆ ఎముక ఎన్నిసార్లు విరిగిందో. చివరికి అమ్మే ఫోన్ చేసి పిలిచింది.

అత్తయ్య కొండపల్లి బస్సు దిగి, ఆటో ఎక్కి, కర్ర ఒక చేత్తో క్యారియరు ఒక చేత్తో పట్టుకుని వచ్చింది. నేను ముందు గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. "ఏరా, నీకేం రోగం" అంటూ నా కాలు మీద కర్రతో ఒకటి తట్టి నాన్న గదిలోకి వెళ్ళింది. "అకో" అంది. అన్నయ్యా అని. తర్వాత నాన్న గొంతు. ఆ గొంతును అంత తేలిగ్గా, అంత వేగంగా నేను ఎప్పుడూ వినలేదు. జీవితమంతా మా నాన్న నెమ్మదిగా మాట్లాడే మనిషనుకున్నాను. కాదు. ఆయన గడగడా మాట్లాడే మనిషి. మధ్యలో ఎవరినో వెక్కిరించాడు, అత్తయ్య పకపకా నవ్వింది. ఆయన గొంతు తగ్గించి ఏదో అడిగాడు. అత్తయ్య నవ్వు ఆగిపోయింది.

తర్వాత కర్ర చప్పుడు వంటింటి వైపు వెళ్ళింది. నేను దుప్పటితోనే లేచి గుమ్మం దాకా వెళ్ళాను.

"ఏమంటున్నారు రాజ్యం?" అంది అమ్మ. ఆ గొంతులో ఉత్సాహం ఉంది. తనకు తెలిసిన మంచి కబురే మళ్ళీ వినబోతున్న మనిషి గొంతు.

"వదినా, అన్నయ్యకి కడుపునిండా పెట్టడం లేదా?"

"అదేం మాట. ఆయనే చాలంటారు. రెండు ముద్దలకే నిండిపోతుందంటారు."

"నిండడమేమిటి. ఆకలేస్తోందంటున్నాడు. మేం ఓడ దిగి ఎవరింట్లోనో ఉన్నామనుకుంటున్నాడు వదినా. నువ్వు ఆ ఇంటావిడవట. వాళ్ళమ్మ, మా పెద్దమ్మ, బజారుకెళ్ళిందట, వచ్చి తీసుకెళుతుందట. 'ఈవిడ దేవతలాంటిది రాజ్యం, ఎవరో తెలియని వాళ్ళకి పూటపూటా వండి పెడుతోంది. వాళ్ళకెంతుందో ఏమో, మనం సిగ్గు లేకుండా తినేస్తామా, అందుకే రెండు ముద్దలు తిని చాలంటున్నాను' అన్నాడు. మొహమాటం వదినా. ఆనా అంటాం మేము. అక్కడ పెట్టగానే తినెయ్యరు. ముందు వద్దనాలి. పెట్టేవాళ్ళు బలవంతం చెయ్యాలి. మీరు బలవంతం చెయ్యడం లేదట."

ఆనా. ఆ మాట నాకు తెలుసు. పక్కింటివాళ్ళు గారెలో బూరెలో తెచ్చినప్పుడు నాయనమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి అనే మాట అది. నాన్న కంచం జరుపుతూ అంటున్నదీ అదే. పూటపూటా నా చెవిన పడింది. విని గుర్తుపట్టడానికి నేను ప్రయత్నించలేదు. నా వాక్యం అప్పటికే తయారుగా ఉండేది, అది ఆయన మాటకంటే బాగుండేది.

కృష్ణా జిల్లాలో పుట్టిన ఆడమనిషితో, నీ ఇంట్లో మనిషి ఆకలితో ఉన్నాడు, నువ్వు కొసరి వడ్డించడం లేదు అన్న మాట అనకూడదు. అంతకంటే పెద్ద తిట్టు ఆ నేల మీద లేదు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది.

"బాబ్జీ?"

"నాకు రాదమ్మా" అన్నాను.

"ఏం రాదు?"

"ఆ భాష. ఎప్పుడూ రాదు."

అత్తయ్య ఆశ్చర్యంగా చూసింది. "వీడికెక్కడొచ్చు వదినా. చిన్నప్పుడు వీడు వాగేదంతా ఉత్తుత్తిదే. మా పెద్దమ్మ మా ఇంటికొచ్చి చెప్పి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వేది. నీకు తెలుసనుకున్నాను."

అమ్మ నన్నేమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండునని ఎదురు చూశాను. ఏ మాట నీది, ఏ మాట ఆయనది అని అడిగితే అన్నీ నావేనని ఒప్పుకునేవాణ్ణి. ఒప్పుకుంటే ఆ మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి. పులుసూ, సినిమా, అమ్మమ్మ తాగని మంచినీళ్ళూ ఒక్కొక్కటీ ఆవిడ చేతుల్లోంచి లాక్కోవాలి. ఆ శ్రమ ఆవిడ నాకివ్వలేదు. స్టవ్ వెలిగించి ఎసరు పెట్టింది. తర్వాత అత్తయ్య బాల్కనీలోకి వెళ్ళి పైకి చూసి, "ఈ తాళ్ళు కిందికి కట్టించు వదినా, ఆడవాళ్ళ బట్టల కింద నుంచి మగవాడు నడవకూడదని మా వాళ్ళ పట్టింపు, అన్నయ్య అదీ చెప్పాడు" అంటే, అమ్మ నిలుచున్న చోటే కళ్ళు మూసుకుంది. "మా అత్తగారు చేత్తో చూపించి మరీ చెప్పింది. కాపురానికొచ్చిన మొదట్లోనే చెప్పింది. వరసిళ్ళలో ఉన్నన్నాళ్ళూ పక్క సందులో ఆరేసేదాన్ని. ఇక్కడికొచ్చాక నేనే మరిచిపోయాను" అంది. అలా నా తప్పులో కొంత తనూ తీసుకుంది. అడగకుండానే.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక భాషకు తలుపు వేసి గడియ పెట్టారు. నాన్న భయంతో పెట్టాడు. నాయనమ్మ గౌరవంతో ఊరుకుంది. నేను ఆ తలుపు మీద రంగురంగుల బొమ్మలు వేసి, లోపలంతా ఇలాగే ఉంటుందని ఊరికి చూపించాను. ఇన్నేళ్ళకు నాన్న ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు అక్కడ ఆకలితో కూర్చుంటే, నేను బయట నిలబడి ఆయన సుఖంగా ఉన్నాడని అమ్మకు కబుర్లు మోస్తున్నాను. నా అబద్ధాల వల్ల ఇన్నేళ్ళలో ఎవరికీ అన్నం తగ్గలేదని నాకు నేను సర్టిఫికెట్టు ఇచ్చుకునేవాణ్ణి. ఇప్పుడది కూడా లేదు. ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఆడాను. ఏనుగుదే తీసుకోండి. ఏనుగు ఎవరి కంచంలోదీ తినలేదు.

అత్తయ్య కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నాలు వంటింట్లో ఇద్దరూ కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు వలుస్తుంటే, లోపల్నుంచి పాఠం వినిపించేది. అత్తయ్య ఒక ముక్క చెప్పేది, అమ్మ తిప్పి చెప్పేది. అమ్మ ఉయ్యూరు నోట్లో ఆ మాటలు బెల్లం పాకంలో పడ్డట్టు సాగేవి. "అంత లాగకు వదినా, టక్కున తెంచు" అని అత్తయ్య విసుక్కునేది. "నాకలాగే వస్తుంది, ఆయనే అర్థం చేసుకుంటారులే" అని అమ్మ మళ్ళీ అనేది. డెబ్బై దాటిన మనిషి. నేను మంచినీళ్ళ నెపంతో గుమ్మం దాకా వెళితే పాఠం ఆగిపోయేది. నీళ్ళు తాగి నేను వెళ్ళిపోయాక మళ్ళీ మొదలయ్యేది.

అత్తయ్య కొండపల్లి వెళ్ళిన మర్నాటి భోజనం ఇది. అమ్మ నాన్నకు వడ్డించి ఎదురుగా కూర్చుంది. నాన్న రెండు ముద్దలు తిన్నాడు. కంచం ముందుకు జరిపాడు. చేతులు జోడించి, మర్యాదగా నవ్వుతూ, ఆ మాట అన్నాడు. అమ్మ కొంగు సర్దుకుంది. పరీక్షకు లేచిన పిల్లలా నిటారుగా అయింది.

"ఆ మనాబానే అండీ" అంది. "సాబా అండీ. సాబా."

మొహమాటపడకండి, తినండి అని. ఆ భాషలో అండీ లేదు. అమ్మ నోట్లో అండీ లేకుండా మాట పూర్తి కాదు. నాన్న చేతులు జోడించినవి జోడించినట్టే ఆగిపోయాయి. ఆవిడ వైపు చూశాడు. మళ్ళీ వద్దన్నాడు, కాని ఈసారి నెమ్మదిగా, చేతులు కొంచెం దించి. అమ్మ వినిపించుకోకుండా కంచం దగ్గరికి జరిపి, ఒక గరిటె అన్నం వేసి, పులుసు పోసి, మళ్ళీ "సాబా అండీ" అంది. నాన్న తలవంచి తినసాగాడు. కంచం ఖాళీ అవుతుంటే అమ్మ వేస్తూనే ఉంది. ఆయన చెయ్యి అడ్డం పెడుతూనే, వేళ్ళ సందుల్లోంచి పడనిస్తున్నాడు. చాలా రోజుల ఆకలి అది. నేను పక్క కుర్చీలో నా కంచం ముందు కూర్చుని ముద్ద నోటి దాకా ఎత్తలేకపోయాను.

తినడం అయ్యాక నాన్న చెయ్యి కడుక్కోకుండానే అమ్మ మొహంలోకి చూస్తూ నిదానంగా చాలాసేపు మాట్లాడాడు. ఏమంటున్నాడో నాకు తెలియదు, అమ్మకీ తెలియదు. ఆవిడ ప్రతి మాటకీ తలూపుతూ వింటోంది. అలవాటు కొద్దీ నేను ముందుకు వంగి నోరు తెరిచాను.

అమ్మ నా వైపు తిరగకుండానే చెయ్యెత్తింది.

"నువ్వూరుకో" అంది. "ఆయన నాతో మాట్లాడుతున్నారు."